మన్యమునకు మాట చేరవలయును
(విశాఖపట్టణమున ఒక పఠనమందిరమునందు చేసిన యుపన్యాస పాఠము)



నేటి మా ప్రసంగమునకు విషయము కొండలలోని టెలిఫోను. పసిబిడ్డలు సైతము ఫోనుతో ఆడుకొను ఈ పట్టణములో దానినిగూర్చి సభ చేసి చెప్పవలసినదేమున్నదని మీలో కొందరు తలంపవచ్చును. ఉన్నది. ఇక్కడికి నూరు కిలోమీటర్లకు కొంచెము పైన నున్న పాడేరు దాటి, ముంచింగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల మండలములలోనికి పోయి చూడుడు. ఒక మాట చెప్పుటకు కొండ యెక్కవలసిన గూడెములు నేటికిని కలవు. మన్యములో తిరుగు మాబోటి కార్యకర్తలకు, చెట్టునకు ఫోను వ్రేలాడదీసి సిగ్నలుకొరకు కనిపెట్టుకొనియుండు మనుష్యులు క్రొత్త దృశ్యము కాదు.

2025 అక్టోబరు 14వ తేదీన గూగులు సంస్థ ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి విశాఖలో మహత్తరమైన డేటా కేంద్రమును నెలకొల్పెదనని ప్రకటించినది. సముద్రగర్భమునుండి అంతర్జాతీయ తంత్రులు వచ్చి మన తీరమును చేరునట. సంతోషమే. పట్టణమునకు పని వచ్చును, పేరు వచ్చును. కాని మహాసముద్రములు దాటి రాగల మాట తూర్పుకనుమలు దాటలేకుండుట మనకు గౌరవమా?

కొండలు దుర్గమములు, అందుచేత ఆలస్యమగుచున్నదని చెప్పుదురు. దుర్గమములే. అయినను 1960 దశకమున బైలదిల్లా ఇనుపరాయి విశాఖ రేవునకు, అచ్చటనుండి జపానునకు పోవలసివచ్చినప్పుడు, అవే కొండలను తొలిచి కొత్తవలస-కిరండూలు రైలుమార్గమును నిర్మించిరి. మాచ్‌ఖండ్ జలపాతమునుండి విద్యుత్తు కావలసివచ్చినప్పుడు 1955 నాటికే ఆ యడవులమీదుగా తీగలు దిగివచ్చినవి. కొండనుండి తెచ్చుకొనవలసినప్పుడు అడ్డురాని కొండ, కొండకు ఇయ్యవలసినప్పుడు మాత్రమే అడ్డువచ్చునా?

ఫోను విలాసవస్తువైనచో మే మింతగా చెప్పియుండము. నేడది రాజ్యమునకు ద్వారమైనది. చౌకబియ్యమునకు వ్రేలిముద్ర, ముద్రను యంత్రము సరిచూచుటకు సిగ్నలు. ముసలివారి పింఛనుకును అట్టిదే. 2023 జనవరి మొదలు ఉపాధి హామీ కూలీల హాజరును ఛాయాచిత్రములు తీసి ఫోనుద్వారా రోజునకు రెండుమారులు పంపవలెనను నియమము దేశమంతట అమలులోనికి వచ్చినది. చిత్రము చేరనిచో హాజరు లేదు. హాజరు లేనిచో కూలి లేదు. మన్నుత్రవ్విన చేయి మన్నుతోనే యుండును, లెక్కలో మాత్రము ఆ దినము ఉండదు. ఇక ప్రసవవేదన పడు స్త్రీని డోలీలో మోసికొనిపోవు వార్తలు మీరు పత్రికలలో చదువుచునే యున్నారు. 108 బండి రోడ్డు ఉన్నంతవరకు వచ్చును. కాని రమ్మని పిలుచుటకే సాధనము లేనిచోట బండి యుండి యేమి ఫలము?

న్యాయవాదులమగుటచే మేము ధర్మసూత్ర మొకటి మనవిచేయుచున్నాము. షరతు పెట్టువాడు సాధనము సమకూర్చవలయును. సాధనమియ్యక షరతు పెట్టుట హక్కును లాగికొనుటయే. సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసున, ఇంటర్నెట్టుద్వారా మాటలాడు స్వేచ్ఛకు రాజ్యాంగరక్షణ గలదని చెప్పినది. 2025 ఏప్రిలు 30న, అంధులును ఆమ్లదాడికి గురియైనవారును తెచ్చిన కేసులలో, డిజిటల్ సేవలు అందుకొనగలుగుట 21వ అధికరణమందలి జీవించుహక్కులో అంతర్భాగమని తీర్పు వచ్చినది. కంటిచూపు లేనివానికి వర్తించు న్యాయము సిగ్నలు లేనివానికి వర్తింపదా?

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట సత్యము కాదు. 2021 నవంబరులో కేంద్రము, మన రాష్ట్రముతో కలిపి ఐదు రాష్ట్రములలోని 44 వెనుకబడిన జిల్లాలందు 7,287 గ్రామములకు టవర్లు మంజూరుచేసినది. 2022 జులైలో దేశమందలి 24,680 గ్రామములకు 26,316 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. 2023 జూనులో రాష్ట్రమున నూరు టవర్లు ఒకేదినమున ప్రారంభమైనవి. వానిలో అధికభాగము అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. 2025 సెప్టెంబరులో బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ పరికరములతో 4జి సేవను దేశమంతట ఆరంభించినది. ఇవి మెచ్చదగిన పనులు. అయినను కొరత యేల మిగిలినది?

మొదటి కారణము లెక్కలోనున్నది. ప్రభుత్వము గ్రామమును లెక్కించును. మైదానములో గ్రామమనగా ఒకచోట కూడియున్న ఇండ్లు. మన్యములో ఒక్క పంచాయతీ క్రింద అనేక గూడెములు, ఒక్కొక్కటి యొక్కొక్క కొండవాలున నుండును. ఒక గూడెమునకు సిగ్నలు తగిలినంతనే గ్రామమంతకు అందినట్లు కాగితముమీద తేలును. రేడియో తరంగము ఇంచుమించు తిన్నగా పోవును. నడుమ గుట్ట యున్నచో అవతలి లోయ చీకటియే. కావున టవర్ల సంఖ్య చెప్పినంతమాత్రాన మేము తృప్తిపడజాలము. గూడెముల సంఖ్య చెప్పవలయును.

రెండవ కారణము టవరు వెనుకనున్న యేర్పాటు. టవరు దానంతట అది మాటలాడదు. దానికి ఫైబరు తీగయో, మైక్రోవేవు లంకెయో, ఉపగ్రహమో ఆధారముండవలయును. నిరంతరము విద్యుత్తు ఉండవలయును. గాలివానకు కరెంటు పోయి బ్యాటరీ యుడిగినంతనే టవరు ఇనుపస్తంభము మాత్రమే. విద్యుత్ స్తంభములమీదుగా ఫైబరు లాగు మార్గమును మన రాష్ట్రమే 2017లో ఫైబర్‌నెట్ ద్వారా దేశమునకు చూపినది. ఆ మార్గమునే కొండపైకి కొనసాగించవలయును. టవరుకడ సౌరఫలకములు నిలుపవలయును. స్థానిక గిరిజన యువకులకు మరమ్మతు నేర్పి జీతమిచ్చి నియమించవలయును.

మూడవది లాభములేదను వాదము. 1854లో మన దేశమున తపాలా చట్టము వచ్చినప్పుడు దూరముతో నిమిత్తము లేకుండ జాబునకు ఒకే రుసుమును నిర్ణయించిరి. పరదేశ ప్రభుత్వమే యంగీకరించిన సూత్రమును స్వరాజ్యము కాదనవచ్చునా? పైగా ఇందుకు ధనము లేకపోలేదు. టెలిఫోను కంపెనీల సవరించిన ఆదాయములో నూటికి ఐదువంతులు గ్రామసేవకై ప్రత్యేక నిధికి చేరుచున్నవి. 2002 నుండి నడచిన ఆ నిధికే 2023నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము డిజిటల్ భారత్ నిధి యని పేరుమార్చినది. మనము కట్టు బిల్లులోనిదే ఆ సొమ్ము. ఇది భిక్ష కాదు, బాకీ.

ఇక భూమిమాట. టవర్లపేరిట మన్యపు భూములు పరాధీనము కారాదు. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించు 1/70 రెగ్యులేషనును సడలింపవలసిన పనియే లేదు. 2006నాటి అటవీహక్కుల చట్టము 3వ సెక్షను 2వ ఉపసెక్షనులో, ప్రభుత్వము నడపు టెలికమ్యూనికేషను తీగలు మొదలగు సౌకర్యములకు, ఒక్కొక్కదానికి హెక్టారుకు తక్కువగా, గ్రామసభ సిఫారసుపై అటవీభూమి నియ్యవచ్చునని యున్నది. ప్రభుత్వసంస్థయే ఈ పనికి ముందుండవలెనని మేము కోరుటకు ఇదియు నొక కారణము.

కావున మా కోరికలు మూడు. గూడెము గూడెమునకు సిగ్నలు కొలిచి పట్టికను పంచాయతీ గోడపై అంటించవలయును. సిగ్నలు చేరువరకు బియ్యము, పింఛను, కూలి విషయములలో పుస్తకమందలి వ్రాతను, సాక్షుల సంతకమును అంగీకరింపవలయును. టవరు ఎన్ని దినములు పనిచేసెనో, ఎన్నిదినములు ఊరకుండెనో నెలనెలకు ప్రకటింపవలయును.

మీరు చేయదగినదియు గలదు. 2005నాటి సమాచారహక్కు చట్టముక్రింద అర్జీ వ్రాయుట మీలో చదువుకొన్నవారికెల్ల సాధ్యమే. గ్రామసభ తీర్మానము వ్రాయుటకు గూడెమువారికి తోడ్పడుడు; నిలిచిపోయిన కూలికై అర్జీ పెట్టుటకు మాతో రండు. 1966లో ఉక్కు ఆంధ్రుల హక్కని యెలుగెత్తిన పట్టణమిది. ఆనాడు మనకొరకు అడిగితిమి. నేడు కొండవానికొరకు అడుగుదము. వాని పిలుపు మనకు వినబడుటకు తీగ యింకను పడలేదు. మన గొంతునకు మాత్రము అడ్డేమున్నది?