పాత పద్ధతిని తీసెయ్యాలా, బాగుచెయ్యాలా?



మన షామ్‌బర్గ్ వాళ్ళకి ఓహేర్‌లో దిగే విమానాల చప్పుడు అలవాటే. ఊరి నుంచి వస్తున్న అమ్మానాన్నల కోసం మంచులో ఎయిర్‌పోర్టుకి బయల్దేరితే ముందున్న కారే కనపడదు. మరి పైలట్‌కి రన్‌వే ఎలా తెలుస్తుంది?

ఐ.ఎల్.ఎస్. అనే ఏర్పాటు వల్ల. రన్‌వే దగ్గర ఉండే రెండు రేడియో ట్రాన్స్‌మిటర్లలో ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, రెండోది సుమారు 3 డిగ్రీల వాలు చూపిస్తుంది. 1938 జనవరిలోనే ఒక ప్రయాణికుల విమానం పిట్స్‌బర్గ్‌లో మంచు తుఫానులో దీని సాయంతో దిగింది.

అంత పాతదాన్ని ఇంకా ఎందుకు ఉంచుకోవాలి? ఈ ప్రశ్న ఇదివరకే వచ్చింది. దీని స్థానంలో 1978లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మైక్రోవేవ్ పద్ధతిని ఎంచుకుంది. 1994లో అమెరికా ఎఫ్.ఎ.ఎ. దాన్ని వదిలి జి.పి.ఎస్. వైపు మళ్ళింది. జి.పి.ఎస్. తప్పుల్ని సరిదిద్దే 'వాస్' 2003లో ఇక్కడ మొదలైంది. ఇండియాలో అదే పని 'గగన్' చేస్తుంది. 2022లో ఇండిగో విమానం దాని సాయంతో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది. ప్రతి రన్‌వేకీ ఖరీదైన పరికరాలు అక్కర్లేదు కాబట్టి చిన్న ఊళ్ళకి ఇది వరమే.

కానీ 2025 నవంబరులో ఢిల్లీలో ఏమైందో చూడండి. ఒక రన్‌వే ఐ.ఎల్.ఎస్.ని మెరుగుపరిచే పని జరుగుతోంది. అటు దిగే విమానాలు జి.పి.ఎస్. మీద ఆధారపడ్డాయి. సరిగ్గా అప్పుడే దొంగ సిగ్నళ్ళు వాటికి తప్పుడు స్థానం చూపించాయి. పాత పరికరాలున్న మిగతా రన్‌వేలకి ఇబ్బంది రాలేదని, మన శ్రీకాకుళం మంత్రి రామ్మోహన్ నాయుడు గారే పార్లమెంటుకి చెప్పారు. జి.పి.ఎస్. సిగ్నల్ సుమారు 20,000 కిలోమీటర్ల పైనుంచి వస్తుంది, అందుకే బలహీనం. దగ్గర్లో గట్టిగా అరిచేవాడుంటే అది వినపడదు.

మా కంప్యూటర్ల వృత్తిలో కొత్త సిస్టమ్ పెట్టినా పాతదాన్ని కొన్నాళ్ళు పక్కనే నడిపిస్తాం. ఎఫ్.ఎ.ఎ. కూడా జి.పి.ఎస్. పోతే 100 నాటికల్ మైళ్ళలోపు పాత పద్ధతిలో దిగే చోటు ఒకటైనా ఉండాలని ఏర్పాటు చేసుకుంది. నా మాటా అదే. చిన్న ఊళ్ళకి ఉపగ్రహ పద్ధతి చాలు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో మాత్రం ఐ.ఎల్.ఎస్.ని బాగుచేసి ఉంచుకోవాలి. దానికయ్యే ఖర్చు దండగ కాదు. ఆ విమానంలో ఉన్నది మన అమ్మానాన్నలు.

ఉంటాను, సెలవు.