నవ్విన నాపచేను
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగము)



నవ్వును గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము కొంత వెనుకాడినాము. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదువుకొని, రైల్వేలో గుమాస్తాగా చేరి, టిక్కెట్ల కిటికీ వెనుక కూర్చున్నవారము. ఆ కిటికీ దగ్గర నవ్వేవారి కంటె కసిరేవారే ఎక్కువ. "అందుకే మీకు ఈ విషయము ఇచ్చినాము" అన్నారు కార్యదర్శిగారు. ఇక కాదనలేకపోయినాము.

నవ్వును గురించి మన పెద్దలు రెండు సామెతలు చెప్పినారు. ఒకటి, నవ్వు నాలుగు విధాల చేటు. రెండవది, నవ్విన నాపచేనే పండుతుంది. ఈ రెండూ ఒక్క ఏడాదిలో మా ఇంటిలోనే నిజమైనవి. ఆ సంగతి మనవి చేసుకొనుటకే మీ ముందు నిలబడినాము.

ముందుగా శాస్త్రము సంగతి. భరతముని నాట్యశాస్త్రములో నవ్వును ఆరు విధములుగా చెప్పినాడు. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. పలువరుస కనబడకుండ నవ్వేది స్మితము. కన్నుల నీరు కారగా, డొక్కలు పట్టుకొని నవ్వేది అతిహసితము. తాను నవ్వుట వేరు, ఇతరులను నవ్వించుట వేరు అని కూడా ఆయనే విడదీసినాడు. ఎవరు ఎంత నవ్వినారో కొలుచుటకు ఈ లెక్క చాలును. కాని ఆ నవ్వులో ఎవరు కలిసినారు, ఎవరు వెలిఅయినారు అనేది మరొక లెక్క. మాకు ఆ లెక్క ఆలస్యముగా తెలిసినది.

ఈ కాలపు శాస్త్రజ్ఞులు కూడా నవ్వును వదలలేదు. అమెరికాలో రాబర్టు ప్రొవైన్ అనే ఆచార్యుడు జనము మాటలాడుకొనే చోట్లకు పోయి, ఎవరు ఎప్పుడు నవ్వుతున్నారో వ్రాయించినాడు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటె నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని తేలినది. ఇంకొక వింత ఏమనగా, ఆ నవ్వులలో హాస్యోక్తి విని నవ్వినవి అయిదవ వంతు కూడా లేవు. తక్కినవన్నీ "సరే, వెళ్ళి వస్తాము" వంటి మామూలు మాటల వెనుక వచ్చినవే. ఆక్స్‌ఫర్డులో రాబిన్ డన్‌బార్, ఆయన తోటివారు 2011లో ప్రకటించిన పరిశోధనలో, కడుపారా నవ్వినవారు తరువాత నొప్పిని ఎక్కువగా ఓర్చుకొనగలిగినట్లు కనిపించినది. మన బొంబాయిలోనే 1995లో మదన్ కటారియా అనే వైద్యుడు ఒక తోటలో అయిదుగురితో నవ్వుల సంఘము మొదలుపెట్టినాడు. అది ఇప్పుడు ఎన్నో దేశాలకు ప్రాకినది.

ఇంతకూ తేలినదేమి? నవ్వు నలుగురి సొత్తు. మాటకు ముందు పుట్టే స్నేహము అది. అందుచేతనే, ఆ నలుగురిలోనుంచి ఒకరిని బయటకు నెట్టే నవ్వు అంత గట్టిగా తగులుతుంది.

ఇక మా ఇంటి సంగతి. 1890ల దశాబ్దములో బెజవాడ నుంచి కటకము దాక తూర్పుతీరపు రైలుమార్గము వేసినారు. ఆ దారి వెంట ఎన్నో తెలుగు కుటుంబాలు ఒడిశా చేరుకొన్నవి. మేమూ ఈ రైల్వే కాలనీలలో పుట్టి పెరిగినవారమే. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. బడిలో ఒడియా, వీధిలో ఒడియా, ఇంటిలో తెలుగు. ఒడియాలో క్రియాపదము మగవారికీ ఆడవారికీ ఒకటే. "సె" అంటే అతడూ అవును, ఆమే అవును. మన తెలుగులో అట్లా కుదరదు కదా.

మొన్న వేసవిలో శ్రీకాకుళము వైపు బంధువుల ఇంట పెళ్ళికి పోయినాము. మగపెళ్ళివారి కారు పందిరి ముందు ఆగినది. మా పిల్ల అందరికంటె ముందు చూచి, సంతోషము పట్టలేక కేక వేసినది. "పెళ్ళికొడుకు వచ్చింది! పెళ్ళికొడుకు వచ్చింది!"

పందిరి అంతా గొల్లుమన్నది. పెళ్ళికొడుకు కూడా నవ్వినాడు. నిజము చెప్పవలెను గనుక చెబుతున్నాము, మేము కూడా నవ్వినాము. అంతటితో ఆగినా బాగుండును. మూడు రోజులు ఆ పిల్ల ఎవరికి ఎదురుపడినా "ఏమే, పెళ్ళికొడుకు వచ్చిందా?" అనే పలకరింపే. వారికి ద్వేషము లేదు. ముద్దుగానే అన్నారు. పిల్ల మాత్రము వాళ్ళ అమ్మ కొంగు వదలలేదు.

తిరిగి వచ్చిన తరువాత ఇంటిలో తెలుగు మానివేసినది. తెలుగులో అడిగితే ఒడియాలో జవాబు. బంధువులు ఫోను చేస్తే గదిలోకి పోయి కూర్చుండేది. మా అమ్మగారు "ఒక్క మాట తెలుగులో చెప్పవే తల్లీ" అని బ్రతిమాలితే తల అడ్డముగా ఊపేది. మేము కోప్పడినాము, బిస్కట్లు కొనిపెట్టినాము, వాచకము తెచ్చి ముందు పెట్టినాము. మూడు నెలలు గడచినవి. మూడు తరాలు కాపాడుకొని వచ్చిన భాషను ముచ్చటపడి నవ్వి పోగొట్టుకొన్నామా అని రాత్రులు నిద్ర పట్టలేదు.

ఇక్కడ మాకు మా శాఖవారందరికీ తెలిసిన ఒక ఉత్తరము జ్ఞాపకము వచ్చినది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే వంగదేశీయుడు పాసింజరు బండిలో పోతూ, పెట్టెలో మరుగుదొడ్డి లేనందున అహమదుపూరు స్టేషనులో దిగినాడు. ఆయన పని ముగియక ముందే గార్డు ఈల వేసినాడు. ఒక చేత చెంబు, ఒక చేత పంచె పట్టుకొని పరుగెత్తి, అందరి ఎదుట పడిపోయినాడు. వెంటనే తనకు వచ్చిన ఇంగ్లీషులో సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి ఫిర్యాదు వ్రాసినాడు. ఆ ఇంగ్లీషుకు వ్యాకరణము లేదు. నూరేళ్ళు దాటినా జనము చదివి నవ్వుతూనే ఉన్నారు. దాని ప్రతిని ఢిల్లీ రైలు మ్యూజియములో పెట్టినారు. కాని క్రింది తరగతి పెట్టెలలో మరుగుదొడ్లు వచ్చుటకు ఆ ఉత్తరమే దారితీసినదని చెప్పుకొంటారు. నవ్వుతారేమోనని ఆయన కలము మూసి ఊరకున్నట్లయితే?

అది పెద్దవాని గుండె. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ గుండె ఎక్కడిది?

చివరకు ఆ పిల్ల నోరు తెరిపించినది మా అమ్మగారే. ఒక సాయంకాలము కరెంటు పోయినది. అందరము వసారాలో కూర్చున్నాము. అమ్మగారు తాము కొత్తగా కాపురానికి వచ్చినప్పటి సంగతి ఎత్తుకొన్నారు. ప్రక్క క్వార్టరు ఒడియా ఇల్లాలు బిందె పట్టుకొని వచ్చి "పాణి అఛి కి?" అని అడిగినదట. పాణి అంటే నీళ్ళని అమ్మగారికి తెలియదు. పని ఉందా అని అడుగుతున్నదనుకొని, "పనికేటమ్మా, బోలెడు పని" అన్నారట. ఆమె బిందె చేతికి ఇచ్చినది. ఓహో, ఇది తోమిపెట్టమంటున్నది కాబోలు అనుకొని, అమ్మగారు చింతపండు పెట్టి తళతళలాడేటట్లు తోమి, ఖాళీ బిందె తిరిగి ఇచ్చినారట.

చీకటిలో పిల్ల ఫక్కున నవ్వినది. "మామ్మా, పాణి అంటే నీళ్ళు! అప్పుడు ఆవిడ ఏమన్నాడు?"

అన్న తరువాత తన తప్పు తనకే వినబడినది. ఠక్కున ఆగిపోయినది. మేము ఊపిరి బిగబట్టినాము.

మా అమ్మగారు తడుముకోలేదు. "ఏటంటాడే? బిందె పట్టుకొని ఎల్లిపోయాడు" అన్నారు.

అప్పుడు చూడవలెను ఆ పిల్ల నవ్వు! భరతముని చెప్పిన ఆరవ రకము. నవ్వి నవ్వి, "వెళ్ళిపోయాడు కాదు మామ్మా, వెళ్ళిపోయింది!" అని మామ్మకే దిద్దినది. ఆనాటి నుంచి మరల తెలుగు మొదలుపెట్టినది.

తప్పు ఒకటే. పందిరిలో అందరూ నవ్వినారు, పిల్ల బయట ఉన్నది. వసారాలో పిల్ల కూడా నవ్వులో ఉన్నది. పెద్దది ముందు తనను చూచి తాను నవ్వుకొన్నది గనుక చిన్నదానికి భయము తీరినది.

అట్లని ఎవరినీ ఎగతాళి చేయరాదని మేము అనుట లేదు. 1892లో విజయనగరములో ప్రదర్శించిన కన్యాశుల్కములో గురజాడవారు లోకాన్ని నవ్వించినారు. అభము శుభము తెలియని పిల్లలను ముసలివారికి అమ్ముకొనే పెద్దలను చూపి నవ్వించినారు గాని, ఆ పిల్లలను చూపి కాదు. నవ్వును ఎవరి మీదికి వదలవలెనో ఆయనకు తెలుసు.

ఈ సభలో ఇంకొక గడియలో మన పిల్లలు పద్యాలు చదువుతారు, నాటిక వేస్తారు. ఒడియాలో, కన్నడములో, తమిళములో, మరాఠీలో చదువుకొనే పిల్లలు. వారి నోట మగవాడు ఆడది కావచ్చును, ళకారము లకారము కావచ్చును. తరువాత ప్రక్కకు పిలిచి దిద్దుదాము. వారు వేదిక మీద ఉన్నప్పుడు మాత్రము, వారు నవ్వితేనే మనమూ నవ్వుదాము. ఇంటికి పోయిన తరువాత, కొత్తగా ఈ దేశాలకు వచ్చినప్పుడు మనము చేసిన తప్పులు వారికి కథలుగా చెబుదాము. పెద్దల దగ్గర అవి బోలెడు ఉన్నవి. మా అమ్మగారి దగ్గర ఇంకా అయిదారు మిగిలినవి.

ఇప్పటి నాటికలో మొదటి మాట చెప్పేది మా అమ్మాయే. నాపచేను పండుతుందో లేదో మీరే చూడండి.