ముందున్న సున్నా ఎక్కడికి పోయింది?

(ఢిల్లీలో సిబ్బంది కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లల్లో చాలామంది నోయిడా, గురుగ్రామ్‌లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. వాళ్ల నోట తరచు వినపడే ‘ఏపీఐ రిక్వెస్ట్’ను మన భాషలో చెప్పాలంటే, ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్ కౌంటర్లో ఇచ్చే ఓచరు. మన కౌంటర్లో ఓచరు తప్పుగా నింపితే, ఎదురుగా ఉన్న మనిషి అడిగి దిద్దించుకుంటాడు. అవతల ఉన్నది యంత్రమైతే అడగదు. కాబట్టి నింపేచోటే, అంటే పంపే ప్రోగ్రాంలోనే, ఏ గడిలో ఏముండాలో కట్టుదిట్టంగా రాసుకోవాలి.

జీఎస్టీ నంబరు తీసుకోండి. 15 అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్రం కోడు. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. మరి ఇక్కడ? ఢిల్లీ 07, హర్యానా 06, ఉత్తరప్రదేశ్ 09, రాజస్థాన్ 08. ఎన్‌సీఆర్‌లో ఏ మూలకెళ్లినా ముందు సున్నాయే! హైదరాబాద్‌లో ఒక కుర్రాడు ఆ గడిని ‘సంఖ్య’ అని రాశాడనుకోండి. 36తో పరీక్షిస్తే అంతా సవ్యమే. అదే ప్రోగ్రాం ఢిల్లీకి వచ్చేసరికి 07 కాస్తా 7 అవుతుంది, పంపిన వివరాలు తిరిగొస్తాయి. గడువు తేదీ రాత్రి అలా జరిగితే ఆలస్య రుసుము కట్టేది కరోల్‌బాగ్ బట్టల వ్యాపారి, కోడు రాసిన కుర్రాడు కాదు.

2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టైప్‌స్క్రిప్ట్‌లో ఆ గడిని ‘టెక్స్ట్’ అని ప్రకటిస్తే, అక్కడ సంఖ్య పెట్టగానే ఎర్రగీత పడుతుంది. చెల్లే కోడ్ల జాబితానే ఇచ్చేస్తే ఇంకా మంచిది. ఎంబీఏలో ఇలాంటివాటికి పెద్ద పేర్లు చెప్పారు, మనకది మేకర్-చెకర్. పని తొందరలో కొందరు ‘ఎనీ’ అనే టైపు వాడతారు, ఏదైనా పట్టే గడి అన్నమాట. నా దృష్టిలో అది సంతకం పెట్టిన ఖాళీ చెక్కు.

కూడికలు చేయనిదేదీ సంఖ్య కాదు. ఖాతా నంబరూ అంతే. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్య 9007199254740991 వరకే నమ్మకం, అంటే 16 అంకెలు. 18 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా పంపితే చివరి అంకెలు చప్పుడు లేకుండా మారిపోవచ్చు. సున్నా పోవడం కంటే నాకు దీనితోనే ఎక్కువ భయం.

అయితే టైపులు అన్నీ పట్టవు. టైప్‌స్క్రిప్ట్ కాపలా ప్రోగ్రాం రాసేటప్పుడే. నడిచేటప్పుడు ఖాతాదారు టైపు చేసేదాన్ని విడిగా పరీక్షించాలి. ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదోది సున్నా. అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ కొట్టినా అదీ టెక్స్టే కదా!

ఆకారం సరిపోయినా ఖాతా ఎవరిదో తెలియదు. అందుకే ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో డబ్బు పంపేముందు ఖాతాదారు పేరు చూపే సదుపాయం 2025 ఏప్రిల్ 1 కల్లా కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇంట్లో మొబైల్ పట్టుకున్నవాళ్లు ఆ పేరు చదివాకే బటన్ నొక్కండి.