ముల్లు అబద్ధమాడలేదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిపంతుళ్ళం. ఉపన్యాసాలు మాకు చేతకావు. పాఠం చెప్పమంటే మాత్రం చెబుతాము. ఈవేళ కరెంటుకూ అయస్కాంతానికీ ఉన్న చుట్టరికం గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాము.

మన ఉప్పలగుప్తంలోనే ఒక పెద్దాయన ఇంట్లో కొత్తగా నమాజు గది వేసుకున్నారు. రాత్రి కరెంటు పోయిన వేళ ఖిబ్లానుమా బల్లమీద పెట్టి, అది చూపిన దిక్కుకు నేలమీద సుద్దగీత గీశారు. తెల్లవారి చూస్తే ముల్లు ఇంకో వైపు చూపిస్తోంది. మాకు కబురు పెట్టారు. "మాస్టర్ సాబ్, ఇది రాత్రొక మాట, పగలొక మాట చెబుతోంది. పారేయమంటారా?" అన్నారు. గొంతులో దిగులు వినబడుతోంది. మరునాడే మేస్త్రీ టైల్సు పరచాలి మరి.

మేము బల్ల కిందకు వంగి చూశాము. అక్కడ ఇన్వర్టరు బ్యాటరీ ఉంది. దాని ఎర్ర తీగ సరిగ్గా ఖిబ్లానుమా కిందుగా పోతోంది. మెయిన్ ఆపి ఇన్వర్టరు మీద ఫ్యాన్లు వేయించాము. ముల్లు ఒక పక్కకు ఒరిగింది. మెయిన్ వేసి బ్యాటరీ ఛార్జి అవుతుంటే రెండో పక్కకు ఒరిగింది. ఖిబ్లానుమాను వాకిట్లోకి తెచ్చి పెడితే బుద్ధిగా ఉత్తరం చూపింది. ముల్లు అబద్ధమాడలేదు. తన దగ్గర ఏ బలముంటే దాన్నే చెప్పింది.

కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత బలం పుడుతుంది. కుడిచేత్తో పోకచెట్టును పట్టుకున్నట్టు తీగను పట్టుకున్నామనుకోండి. బొటనవేలు కరెంటు పారే వైపు ఉంటే, చుట్టుకున్న వేళ్ళు ఆ బలం తిరిగే దిశ చూపుతాయి. కరెంటు దిశ మారితే బలం దిశా మారుతుంది. అందుకే బ్యాటరీ ఇచ్చేటప్పుడు ఒక పక్కకు, పుచ్చుకునేటప్పుడు మరో పక్కకు ముల్లు తిరిగింది. 10 ఆంపియర్లు పారే తీగకు 5 సెంటీమీటర్ల దూరంలో ఈ బలం సుమారు 40 మైక్రోటెస్లాలు. మన ప్రాంతంలో ముల్లును ఉత్తరానికి నిలబెట్టే భూమి బలం కూడా దాదాపు అంతే. దూరం రెట్టింపైతే తీగ బలం సగమవుతుంది.

మరి గోడలోని తీగలు ముల్లును ఎందుకు కదపవు? ఇంటి కరెంటు సెకనుకు నూరుసార్లు దిశ మార్చుకుంటుంది. అంత వేగాన్ని ముల్లు అందుకోలేదు. బ్యాటరీ కరెంటు ఒకే వైపు పారుతుంది కనుక దాని మాట వింటుంది. సెల్‌ఫోనులోని దిక్సూచి కూడా స్పీకరు అయస్కాంతం దగ్గర పెడితే ఇలాగే దారి తప్పుతుంది.

ఈ సంగతి లోకానికి చెప్పినవాడు కూడా మాలాంటి పంతులే. డెన్మార్కులో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అయిర్‌స్టెడ్ 1820లో విద్యార్థుల ముందు పాఠం చెబుతూ, తీగ పక్కన ముల్లు కదలడం గమనించాడు. ఆ ఏడే పారిస్‌లో ఆంపియర్, కరెంటు పారే రెండు తీగలు ఒకదాన్నొకటి లాగుకుంటాయనీ, నెట్టుకుంటాయనీ చూపాడు. 1821లో ఫారడే అయస్కాంతం చుట్టూ తీగనే తిప్పి చూపించాడు. మన కొబ్బరితోటలో నీళ్ళ మోటారుకు, ఇంట్లో ఫ్యానుకు, మసీదు మైకుకు మూలం అదే. తీగను చుట్లు చుట్లుగా చుడితే చుట్టు బలం చుట్టుకు కలిసి పెరుగుతుంది. మధ్యన ఇనుము పెడితే ఇంకా ఎన్నో రెట్లవుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన కుర్రవాళ్ళు మోటారు వైండింగు నేర్చుకుని గల్ఫుకు హెల్పర్లుగా పోతున్నారు. ఎన్ని చుట్లు చుట్టాలో చెబుతారు, ఎందుకు చుట్టాలో అడిగితే తల దించుకుంటారు. ఆ "ఎందుకు" తెలియకే చాలామంది హెల్పరుగా వెళ్ళి హెల్పరుగానే తిరిగివస్తున్నారు. మా బడిలో "మక్‌నాతీసీ మైదాన్" అని చదివిన పిల్లవాడు పై చదువులో "అయస్కాంత క్షేత్రం" అనగానే బెదిరిపోతాడు. మైదాన్ అన్నా క్షేత్రం అన్నా ఒకటే బాబూ అని చెప్పేవాళ్ళు కావాలి. తెలుగు బడి పిల్లలకైనా పుస్తకంలో బొమ్మ చూసినంతలో సరిపోదు. ముల్లు కళ్ళెదుట కదలాలి.

కనుక సంఘానికి మాదొక విన్నపం. ఒక పెట్టెలో కొన్ని టార్చి బ్యాటరీలు, రాగి తీగ, మేకులు, నాలుగు దిక్సూచులు కొనిపెట్టండి. వారానికి ఒక సాయంత్రం మేము ఉచితంగా పాఠం చెబుతాము. ఆడపిల్లలనూ పంపించండి. పిల్లలకు ఒక హెచ్చరిక: టార్చి బ్యాటరీతోనే చేయండి, తీగ వేడెక్కుతుంది కనుక క్షణమాత్రమే తాకించండి. ఇంటి ప్లగ్గులో మాత్రం వేలు పెట్టకండి.

అన్నట్టు, ఆ పెద్దాయన సుద్దగీత చెరిపి, వాకిట్లో చూసిన దిక్కుకు మళ్ళీ గీయించారు. టైల్సు ఆ గీత ప్రకారమే పడ్డాయి. ఖిబ్లానుమా ఇప్పటికీ వారి దగ్గరే ఉంది.