గడువు తీరిన పేర్లు



ఇంటర్నెట్టులో చిరునామాగా వాడే డొమైన్ పేరు కొన్న పొలం కాదు, కౌలు పొలం. గడువులోగా రుసుము కట్టాలి. మా సాయంకాలపు తెలుగు తరగతి పేరుకు కట్టడం మేము మరచితిమి. కొన్ని నెలల తరువాత చూస్తే అది పరాయివారి చేతిలో ఉన్నది.

అప్పుడు తెలుసుకున్నాము. డాట్ కామ్ పేరు గడువు తీరిన నాడే పోదు. రిజిస్ట్రారు 45 దినముల వరకు ఆగవచ్చును. కొందరు ఈలోగానే వేలం వేస్తారు. తొలగించిన పిదప 30 దినములు పాత యజమాని అదనపు రుసుముతో విడిపించుకోవచ్చును. మరి 5 దినములకు పేరు విడుదలై, ముందు అందుకున్నవారిది అవుతుంది.

అటువంటి పేర్లు కొనదలచిన మన యువకులకు నాలుగు మాటలు. పేరు పొట్టిగా, పలుకుటకు సులువుగా ఉండాలి. ఇతర చోట్ల నుండి దానికి దారి చూపే మంచి లింకులు ఉన్నవా చూడాలి. విలువ చాలావరకు అక్కడే ఉన్నది. పాత పుటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో చూసి, మోసమునకు వాడిన పేరైతే వదలివేయాలి. పరుల ట్రేడ్‌మార్కు జోలికి పోరాదు. 1999 నాటి ఐకాన్ వివాద నియమముల క్రింద ఆ పేరు చేజారవచ్చును.

ఓడ దిగిన మన తాతల పేర్లను గుమాస్తాలు తోచినట్లు వ్రాసుకున్నారు. అది మన చేతిలో లేదు. ఇది మన చేతిలోనే ఉన్నది. మీ సంఘపు పేరుకు గడువు ఎన్నడో ఈ రాత్రే చూసుకొనండి. మా పాత పేరు కోసం మేము ఇంకా కాచుకొనియున్నాము.