ముద్రణ యంత్రమునకు దుబాసి



క్రొత్త ప్రింటరును లైనక్సు కంప్యూటరునకు తగిలింపగా, కాగితము కదలకుండుట పలువురకు అనుభవమే. తీగ సరిగనే యుండును, సిరా యుండును, కరెంటు నుండును. అయినను అక్షరము పడదు. కారణమేమనగా, కంప్యూటరు మాట యొకటి, ప్రింటరు మాట వేరొకటి. నడుమ దుబాసి కావలెను. ఆ దుబాసి పేరే డ్రైవరు. కంపెనీ తన యంత్రపు భాషను గుట్టుగా నుంచుకొని, విండోసునకు మాత్రమే దుబాసి నిచ్చినచో, లైనక్సు వాడువానికి సొమ్ము పెట్టి కొన్న యంత్రము బొమ్మయే యగును.

ఈ గుట్టు నేటిది కాదు. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకు జెరాక్సు సంస్థవారి లేజరు ప్రింటరు వచ్చెను. అందు కాగితము తరచుగా ఇరుకుకొనుచుండెను. అచ్చటి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్, పాత ప్రింటరునకు చేసినట్లే, కాగితము ఇరుకుకొనగానే వాడువారికి కబురు పోవునట్లు ఏర్పాటు చేయదలచెను. అందులకు మూల ప్రోగ్రాము కావలసివచ్చెను. అది చేతనున్నవాడు, ఎవరికిని ఈయనని మాట యిచ్చియున్నందున, నిరాకరించెను. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించుటకు ఆ నిరాకరణ మొక ప్రేరణ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లైనక్సు దానితో జతగూడెను.

నేడు లైనక్సున ముద్రణ భారమును మోయునది కప్స్ అను ప్రోగ్రాము. మైఖేల్ స్వీట్ దానిని 1999లో వెలువరించెను. వచ్చిన పనులను వరుసలో నిలిపి, ఒకదాని వెనుక నొకటి ప్రింటరునకు పంపుట దాని ధర్మము.

ఇందొక మెలకువ గలదు. ఒక్కమారు తీగ ఊడినను ఆ వరుస ఆగిపోవచ్చును. పిమ్మట తీగ బిగించినను, వరుసను మరల నడుపనిదే కాగితము కదలదు. కావున యంత్రమును మరమ్మతునకు మోయుటకు ముందు, బ్రౌజరులో లోకల్‌హోస్ట్ 631 అను చిరునామాను తెరచి, ప్రింటరు ఆగియున్నదేమో చూడవలెను. ఆగియున్నచో అచ్చటనే తిరిగి నడుపవచ్చును. ఖర్చు లేని వైద్యమిది.

కొనుటకు ముందు చేయవలసిన విచారణ వేరు. ఐ.పి.పి. అను భాష బహిరంగము. దాని నియమములను ఎవరైనను చదువవచ్చును. ఐ.పి.పి. ఎవ్రీవేర్ గాని, ఎయిర్‌ప్రింట్ గాని గల ప్రింటరులను లైనక్సు సాధారణముగా కంపెనీ డ్రైవరు లేకయే నడుపగలదు. అట్టి యంత్రమునకు దుబాసితో పనిలేదు.

తాళము వేసిన బీరువాలోని పుస్తకము ఊరికి ఉపకరింపదు. గుట్టుగా నుంచిన యంత్రభాషయు నట్టిదే. పుస్తకము కొనునపుడు పుటలు త్రిప్పి చూచువారు, ప్రింటరు కొనునపుడు దాని భాష యేదని అడుగవలదా?