ఇంట్లో వెలిపడ్డోళ్ళూ మనోళ్ళే
(నాగోల్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



శరణార్థి అంటే బర్మా నుంచి బాలాపూర్ వచ్చి గుడిసెలు వేసుకున్న రోహింగ్యాలే మనకు యాదికొస్తరు. సొంత ఇంట్ల నుంచి తరిమితే వచ్చినోళ్ళు గూడ ఉన్నరు. కొడుకుగ పుట్టి బిడ్డగ బతుకుతనన్నోళ్ళు, ఆడపిల్లనే ప్రేమించిన ఆడపిల్లలు. నల్గొండ, సూర్యాపేట దిక్కు నుంచి బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగుతరు. కిరాయికి అర్ర అడిగితే ఇంటి ఓనరు కులమూ అడుగుతడు, కట్టిన బట్టా చూస్తడు.

ఈ బాధ మనకు కొత్తదా? 1985 జూలైలో కారంచేడు మాదిగలు చీరాలకొచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టులో చుండూరు దళితులు తెనాలికి చేరారు. ఆనాడు మనకు కావలసిందేమిటి? నీడ, కూడు, డాక్టరు, వకీలు, వెంట నిలబడే మనుషులు. వీళ్ళకు కావలసిందీ అదే.

1919లో నిజాం రాజ్యంలో ఒక చట్టం చేసి హిజ్రాల పేర్లు రిజిస్టర్‌కెక్కించారు. ఆడవేషంతో బజార్లో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చన్నారు. ఎరుకలోళ్ళను పుట్టు దొంగలన్న చట్టానికి ఇది తోబుట్టువు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆసరా పింఛను, చదువుల్లో, కొలువుల్లో రిజర్వేషన్ ఇవ్వాలన్నది.

ఇక్కడే మన లెక్క ఉంది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతిగా చూడాలన్నది. మరి మాల, మాదిగ ఇంట్ల పుట్టిన ట్రాన్స్ బిడ్డ ఎస్సీ కోటా వదులుకోవాల్నా? ప్రతి కోటాలోనూ వాళ్ళకు వాటా తీయాలని తమిళనాడులో దళిత ట్రాన్స్ మహిళ గ్రేస్ బాను కొట్లాడుతున్నది. అది మన డిమాండ్ కూడా కావాలె.

ఊరు విడిచినా కులం వెంటొస్తది. కులం సర్టిఫికెట్ రాదు. అది ఇంట్ల ట్రంకుపెట్టెలనే ఉంటది. కాబట్టి ఊర్లల్ల సంఘపోళ్ళు చేయాల్సిన పనులు:

తల్లిదండ్రులతో మాట్లాడి టీసీ, కులం సర్టిఫికెట్ తెచ్చియ్యాలె. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా సర్కారు వకీలు ఉచితం, 15100కి ఫోన్ చేయించాలె. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి కలిసుండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. గుంజుకపోను ఎవరొచ్చినా ఆ మాట చెప్పి అడ్డం నిలబడాలె.

పరాయి పైసల మీద ఆశ వద్దు. నారాయణగూడలో 2021లో పెట్టిన ట్రాన్స్‌జెండర్ల క్లినిక్ అమెరికా సాయం ఆగంగనే 2025లో మూతబడ్డది. వేరే సాయం దొరికినంకనే మళ్ళ తెరుచుకున్నది. మన నాగోల్‌లో మన ఇండ్లల్లనే ఒక్క అర్ర ఇప్పిద్దాం.

ఊరవతల పెట్టిన నొప్పి ఎరిగినోళ్ళం. మన గడప అవతల ఇంకో వెలివాడ లేవనియ్యొద్దు.

జై భీమ్!